పదకొండో కుర్చీ లక్ష్యాలు

గత నెల ఒక సభలో నాకు శాలువా కప్పారు. కప్పిన పది నిమిషాలకే దాన్ని మడిచి కుర్చీ కింద పెట్టేశాను. ఎందుకు పెట్టానో చెప్పాలంటే ఒక మనిషి గురించి చెప్పాలి. ఆమె ఆ సభలో లేదు. ఆమె మాటలు మాత్రం వేరొకరి నోట వినబడుతున్నాయి.

సభ దక్షిణ ఢిల్లీలోని ఒక శిక్షణా సంస్థ ఏర్పాటు చేసినది. సివిల్స్‌కు చదివే తెలుగు విద్యార్థులకు, చిన్న చిన్న లక్ష్యాలతో మనసును నిలబెట్టుకోవడం ఎలా అన్న విషయం మీద ప్రసంగం. వక్త ఒకప్పుడు కటవారియా సరాయ్‌లోని మా పఠనాలయంలో చదువుకున్నవాడే. రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్ళి ఎంపిక కాలేకపోయాడు. ఎంపిక కావడం ఎలాగో ఇప్పుడు ఇతరులకు చెబుతున్నాడు. ఆ పఠనాలయాన్ని నడిపిన పెద్దమనిషినని నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు.

"ఒక చలికాలం నాకు రోజు మొత్తానికి ఉన్న టార్గెట్ ఒక్కటే," అన్నాడతను మైకు పట్టుకుని. "తల దువ్వుకోవడం. అదే బోర్డు మీద రాశాను. అందరూ నవ్వారు. నేను మాత్రం సాయంత్రం వెళ్ళి సంతకం పెట్టాను."

హాలంతా చప్పట్లు. నా పక్కనున్న అమ్మాయి చున్నీతో కళ్ళొత్తుకుంది.

ఆ బోర్డు నేను పెట్టినది. దాని మీద ఆ మాట రాసింది అతను కాదు. నవ్వినవాళ్ళలో అందరికంటే ముందు నవ్వింది అతను. ఇది కేవలం జ్ఞాపకం మీద ఆధారపడి అంటున్న మాట కాదు. ఉద్యోగ జీవితమంతా కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళు నడిపినవాణ్ణి, చూసినదాన్ని చూసిన రోజే రాసిపెట్టుకోవడం నాకు అలవాటు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి పాత రిజిస్టర్లు దింపాను. వెతికిన పేజీ దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. పదకొండో నంబరు కుర్చీ, లక్ష్యం: తల దువ్వుకోవడం. ఫలితం: అయింది.

పఠనాలయం అంటే పెద్ద ఊహ అక్కర్లేదు. జిరాక్స్ దుకాణం పైన రెండో అంతస్తులో ఒక పొడవాటి గది, ఇరవై కుర్చీలు, రెండు ఫ్యాన్లు. రిటైరైన తెలుగు ఉద్యోగులం ముగ్గురం కలిసి నడిపేవాళ్ళం. తాళాలు, రిజిస్టర్లు, నియమాలు నావి. గోడకు ఒక తెల్ల బోర్డు బిగించి, దాని మీద ఇరవై గడులు గీయించాను. ఉదయం ఎనిమిదిన్నరలోగా ప్రతి ఒక్కరూ తమ కుర్చీ నంబరు ఎదుట ఆ రోజు లక్ష్యం రాయాలి. సాయంత్రం వెళ్ళేముందు దాని పక్కన సంతకం పెట్టాలి, లేదా 'కాలేదు' అని రాయాలి. లక్ష్యం రాయనివారి కుర్చీ ఆ రోజుకి నిరీక్షణ జాబితాలో ఉన్నవారికి పోతుంది. సాయంత్రం బోర్డు మొత్తం నేను రిజిస్టరులోకి ఎక్కించుకునేవాణ్ణి.

ఆమెకు అప్పటికి ముప్ఫై మూడేళ్ళు. నల్గొండ వైపు పల్లె. అందరూ 'అక్కా' అనేవారు. ఆ పిలుపులో గౌరవం ఎంతో, వయసు గుర్తుచేయడం ఎంతో విడదీసి చెప్పలేను. ఎవరిదో మగవాళ్ళ గోధుమరంగు స్వెటరు, వేళ్ళు మునిగిపోయేంత పొడుగు చేతులది, వేసుకుని వచ్చేది. కూర్చునేముందు కుర్చీని పైకెత్తి దించి, నాలుగు కాళ్ళూ నేలకు ఆనుతున్నాయో లేదో చూసి గాని కూర్చునేది కాదు. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ చెప్పులవైపు చూసేది. బోర్డు మీద ఇతరులు రాసినవాటిలో అక్షరదోషాలుంటే ఎవరూ అడగకుండానే తుడిచి దిద్దేది. పరిపాలన అన్న మాటను తప్పుగా రాసిన ఒక కుర్రాడు వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. దాన్ని ఆమె గమనించినట్టు కూడా లేదు. ఏ సంభాషణనైనా "గంతే" అన్న ఒక్క ముక్కతో కోసేసేది. చెప్పింది ఎంత బరువైనదైనా చివరికి గంతే.

ఆమె పరీక్ష రాసే అవకాశాలన్నీ ఆ ఏడాదితో అయిపోయాయి. ఆఖరిసారి రాసిన ప్రిలిమ్స్ కూడా దాటలేదు. ఫలితం వచ్చిన తరువాత మూడు వారాలు ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. గదిలోంచి బయటికి రావడం లేదనీ, టిఫిన్ డబ్బా గుమ్మం దగ్గర అలాగే ఉండిపోతోందనీ కింద జిరాక్స్ దుకాణం నడిపే దీదీ చెప్పింది. ఆమెను బలవంతంగా ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్ళింది కూడా ఆ దీదీయే. మేం ముగ్గురం ఆ సంగతి విని తలలూపాం.

నాలుగో వారం, పొగమంచు కిటికీకి ఆనుకుని ఉన్న ఒక ఉదయం, ఆమె వచ్చి బోర్డు మీద రాసింది. తల దువ్వుకోవడం.

నేను డస్టరు తీసుకుని తుడిచేశాను.

"అమ్మా, ఇది చదువుల బోర్డు."

ఆమె నా చెప్పులు చూస్తూ, "నియమంలో చదువు అని లేదు సార్. లక్ష్యం అని ఉంది," అన్నది.

నియమాల కాగితం బోర్డు పక్కనే అంటించి ఉంది. నేనే రాసి, నేనే సంతకం పెట్టినది. మళ్ళీ చదివాను. ఆమె చెప్పింది నిజం. నా వాక్యం నన్నే ఓడించడం నాకు నచ్చలేదు. ఆ ఉదయం నేను ఆమెకు దారి ఇచ్చింది జాలితో కాదని స్పష్టంగా రాయాలి. నియమానికి లోబడి ఇచ్చాను, ఇస్తున్నందుకు కోపంగా ఉన్నాను.

"ఇంట్లో గోడ మీద రాసుకోవచ్చు కదమ్మా," అన్నాను.

"డాక్టర్ చెప్పిండు సార్. చేయగలిగినంతదే పెట్టుకో, ఎవరికన్నా కనపడేటట్టు రాయి, చేసినంక గుర్తు పెట్టు అని. ఇంట్ల రాస్తే నేనే చూడాలె. నాకు నేను కనపడ్తలేను. గంతే."

ఆమె మళ్ళీ రాసింది. ఈసారి నేను తుడవలేదు.

తొమ్మిదో కుర్చీ గుంటూరు కుర్రాడిది. శాలువా సభలో మాట్లాడింది అతనే. అతను తెలివైనవాడు. నవ్వించే నేర్పు, నలుగురినీ తన చుట్టూ నిలుపుకునే నేర్పు అప్పటికే ఉన్నాయి. మరుసటి ఉదయం తన గడిలో 'ఊపిరి పీల్చడం' అని రాశాడు. సాయంత్రం అందరి ఎదుటా గుండెలనిండా గాలి పీల్చి, వదిలి, సంతకం పెట్టాడు. గది గదంతా నవ్వింది. అది చదువుల బోర్డు అన్న సంగతి నాకు ఆ సాయంత్రం గుర్తురాలేదు. రిజిస్టరులోకి 'ఊపిరి పీల్చడం: అయింది' అని ఎక్కించాను. ఇప్పుడు ఆ పేజీ చూస్తుంటే నా చేతిరాత ఎంత పొందిగ్గా ఉందో కనబడుతోంది.

ఆమె లక్ష్యాలు ఇలా ఉండేవి. జిరాక్స్ దీదీ పలకరిస్తే తిరిగి పలకరించాలి. బెర్ సరాయ్ దాకా నడిచి వెనక్కి రావాలి. కిటికీ పరదా ఉతకాలి. అమ్మకు ఫోన్ చేసి, బాగున్నాను అని అబద్ధం చెప్పకుండా రెండు నిమిషాలు మాట్లాడాలి. ఈ చివరిది వరుసగా మూడుసార్లు 'కాలేదు'. నాలుగోసారి సంతకం ఉంది.

"ఏంటక్కా, ఇవాళ పళ్ళు తోముకున్నారా? పైవా, కిందవా?" అనేవాడు తొమ్మిదో కుర్చీ.

"రెండూ తోమిన. నువ్వు నిన్న ఆధునిక చరిత్ర నాలుగు అధ్యాయాలు అని రాసి సంతకం పెట్టినవ్ గదా. మూడో అధ్యాయం దేని మీద?"

అతను నవ్వాడు గాని చెప్పలేదు. అతను చెబుతాడని ఆమె ఎదురుచూసింది. అలా ఎదురుచూడటం ఆమెలోని క్రూరత్వం. మాట వదిలేసి, అవతలివాడు జవాబు లేక నలుగుతుంటే, వాడి చెప్పులవైపు చూస్తూ నిలబడేది. ఆమె మంచిదని నేను అనడం లేదు. మెత్తనిదైతే వాళ్ళు త్వరగా వదిలేసి ఉండేవారు.

సాయంత్రాలు ఆమె బోర్డు ముందు నిలబడే తీరు నాకు బాగా గుర్తు. ఇతరులు బ్యాగు భుజాన వేసుకుంటూ, ఫోను చూసుకుంటూ, మార్కరుతో ఒక గీత లాగి పోయేవారు. ఆమె తన గడి ముందు ఆగి, పొద్దున తను రాసిన మాటను పెదవులతో ఒకసారి చదువుకునేది. ఎవరో ఇంకొకరు రాసినదాన్ని పరిశీలిస్తున్నట్టుగా చూసేది. అప్పుడు సంతకమో, 'కాలేదు' అనో రాసేది. ఆ చలికాలమంతా రిజిస్టరు తిరగేస్తే 'కాలేదు' అన్న మాట ఒక్క పదకొండో నంబరు ఎదుటే కనబడుతుంది. తక్కిన పంతొమ్మిది గడుల్లోనూ రోజూ సంతకాలే. ఆ సంతకాలన్నీ నిజమైతే ఆ గదిలోంచి ఆ ఏడు పంతొమ్మిదిమంది కలెక్టర్లు దిగాలి. ఒక్కరూ దిగలేదు. ఇది నాకు అప్పుడే తెలుసు. నెల తిరిగేసరికి రిజిస్టరు ఎవరికైనా చెప్పే సంగతే. అయినా నేను అబద్ధపు సంతకాలను క్రమశిక్షణ అనీ, నిజమైన 'కాలేదు'ను అలసత్వం అనీ లెక్కించాను. మా ఉద్యోగంలో అంతే నేర్పారు. పెండింగు చూపించినవాడు చెడ్డవాడు, ముగిసిందని రాసినవాడు సమర్థుడు.

జనవరిలో ఆమె 'ఒకరితో కలిసి భోజనం చేయడం' అని రాసింది.

ఆ రోజు మెట్ల మీద నేను విన్నది ఇది. తొమ్మిదో కుర్చీ, అతని చుట్టూ ఉండే నలుగురూ టీ గ్లాసులు పట్టుకుని గోడకు ఆని నిలబడి ఉన్నారు.

"ఇవాళ ఎవరూ అక్కతో తినొద్దు. సంతకం ఎట్టా పెడుతుందో చూద్దాం."

"పాపం రా."

"పాపం ఏంటి? ఆవిడకి నిజాయితీ ఎక్కువ కదా. టెస్ట్ పెడుతున్నాం."

"ఠీక్ హై. అమ్మాయిలకు నేను చెబుతా."

వాళ్ళు నన్ను చూసి పక్కకు జరిగి దారి ఇచ్చారు. "నమస్తే సార్," అన్నారు. "నమస్తే," అన్నాను.

మధ్యాహ్నం ఆమె స్టీలు డబ్బా పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళింది. "తిన్నవా?" అని అడిగేది. ఒకరు ఉపవాసం అన్నారు. ఒకరు బయట తినేశామన్నారు. ఒకరు పుస్తకంలోంచి తలెత్తలేదు. దీదీ ఆ వారం తమ్ముడి పెళ్ళికి మేరఠ్ వెళ్ళింది. దుకాణం మూసి ఉంది. రెండు గంటలకు ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, తిన్నరా?"

"తిన్నానమ్మా," అన్నాను. అది నిజమే. నా భోజనం ఒంటిగంటా పదికి. నా బల్ల సొరుగులో రెండు అరటిపండ్లు ఉన్నాయి. అవి నాలుగు గంటలకు తినవలసినవి.

సాయంత్రం ఆమె బోర్డు దగ్గరికి వెళ్ళేసరికి అందరూ పుస్తకాలు మూసి చూస్తున్నారు. ఆమె తన మాట చదువుకుంది. 'కాలేదు' అని రాసింది. వెనకనుంచి ఎవరో రెండు చప్పట్లు కొట్టారు. ఆమె మార్కరుకు మూత పెట్టి, దాన్ని తిన్నగా బోర్డు అంచున పెట్టి వెళ్ళిపోయింది.

మరునాడు అదే లక్ష్యం. 'కాలేదు'. మూడో రోజు అదే. 'కాలేదు'. అప్పటికి ఆ అయిదుగురికీ కూడా సరదా తగ్గిపోయింది. కానీ ముందుగా ఎవరు విరమించుకోవాలో తెలియక కొనసాగించారు. తలా కొంత సిగ్గుపడుతూనే కొనసాగించారు. మూడు రోజులూ నేను గదిలోనే ఉన్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై అయిదుకు, గదిలో అందరూ చదువుకుంటుండగా, ఆమె తన కుర్చీ ఎత్తి తీసుకువెళ్ళి తొమ్మిదో కుర్చీకి ఎదురుగా వేసుకుంది. నాలుగు కాళ్ళూ సరిచూసి కూర్చుంది. డబ్బా మూత తీసింది. గదిలో తినకూడదన్నది నియమం. టమాటా పప్పు వాసన గదంతా నిండింది. ఆమె ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, అతని బల్ల కిందికి చూపు దించింది.

"బిస్కట్ తింటున్నవ్ గదా."

అతని దవడ ఆగిపోయింది.

"నమలు. నువ్వు తింటున్నవ్, నేను తింటున్న. ఒకరితో కలిసి. గంతే."

ముద్ద ముద్దగా డబ్బా మొత్తం తిన్నది. అతను ఒక్క బిస్కట్టును మింగలేక, ఉమ్మలేక, చేతిలో పాకెట్టు పట్టుకుని కూర్చున్నాడు. ఈసారి గది నవ్వింది అతన్ని చూసి. ఆమె కూడా నవ్వింది. ఆమె నవ్వుకు చప్పుడు లేదు, ఎడమ భుజం మాత్రం రెండుసార్లు కదిలింది. ఆ గదిలో ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు, అదే చివర. సాయంత్రం బోర్డు మీద పెద్ద అక్షరాలతో సంతకం పెట్టింది.

తొమ్మిదో కుర్చీ మరునాడు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. మంచి ఇంగ్లీషులో, మూడు పేరాలు. పఠనాలయంలో భోజనం చేశారు, ఇతరుల ఏకాగ్రతకు భంగం కలిగించారు, పరీక్షకు అర్హత లేని వ్యక్తి కుర్చీని ఆక్రమించి ఉన్నారు. మేం ముగ్గురం కూర్చున్నాం. మాలో ఒకరు బ్యాంకు నుంచి రిటైరైనవారు, అధ్యక్షులు.

"ఇది చదువుకునే చోటా, ఆసుపత్రి వార్డా?" అన్నారాయన. "బయట పదిమంది కుర్చీ కోసం చూస్తున్నారు. ఈవిడ ఇక్కడ జడ వేసుకోవడం ప్రాక్టీసు చేస్తోంది."

మూడో ఆయన నావైపు తిరిగాడు. "మీరు చూశారా, తినడం?"

చూశాను. రాసి కూడా ఉంది. సమయం, కుర్చీ నంబరు, పదార్థం, అన్నీ. రిజిస్టరు తిప్పి చూపించాను. బిస్కట్టు సంగతి అందులో లేదు. నియమానికి సంబంధించిందే రాయడం నా పద్ధతి అనుకున్నాను అప్పుడు. నిజానికి బిస్కట్టును కూడా చూశాను. మెట్ల మీద విన్న మాటలూ ఎక్కడా రాయలేదు. ఆ నాలుగు రోజుల పేజీల్లో ఒక మనిషి మూడుసార్లు ఓడి, నాలుగోసారి నియమం ఉల్లంఘించి గెలిచినట్టు మాత్రమే ఉంటుంది. రికార్డు ఇంత శుభ్రంగా ఉండి ఇంత అబద్ధం చెప్పగలదని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్ళకు నేనే పాఠాలు చెబుతూ వచ్చాను.

కుర్చీ వెంటనే ఖాళీ చేయాలన్న ఉత్తరం నేనే తయారుచేశాను. మరునాటి ఉదయం ఆమె వచ్చేసరికి నేను బల్ల దగ్గర లేను, కింద తాళాలు బాగుచేసేవాడితో ఏదో మాట్లాడుతున్నాను. పైకి వచ్చేసరికి ఆమె బోర్డు మీద రాసేసి కూర్చుంది. రేపటికి బట్టలు ఉతికి పెట్టుకోవడం. ఉత్తరం ఇచ్చాను. మొదటి అక్షరం నుంచి నా సంతకం దాకా చదివింది. ఒక చోట వేలు పెట్టి ఆగింది. అక్షరదోషం ఉందేమోనని నాకు భయం వేసింది. లేదు.

"ఇవాళ్టిది రాసిన సార్. సాయంత్రం దాకా కూర్చోవచ్చునా?"

"వెంటనే అని ఉందమ్మా."

"రాసింది మీరే గదా."

"కమిటీ నిర్ణయం."

బతిమాలుతుందనుకున్నాను. ఆమె అడిగింది వేరు.

"ఇంటికి పోయి ఉతుక్కుంట. మరి సంతకం ఎక్కడ పెట్టాలె?"

"ఇక అవసరం లేదమ్మా," అన్నాను.

ఆమె పుస్తకాలు సర్దుకుంటుండగానే నేను పదకొండో గడి తుడిచాను. మధ్యాహ్నానికల్లా జాబితాలోని మొదటి విద్యార్థి వచ్చి కూర్చున్నాడు. 'భారత రాజ్యాంగం, ఆరు అధ్యాయాలు' అని రాశాడు. సాయంత్రం సంతకం పెట్టాడు.

ఇన్నేళ్ళలో ఆమె గురించి నేను విచారించలేదు. శాలువా సభ తరువాత రెండు రోజులు కోపంతో గడిపి, మూడో రోజు జిరాక్స్ దీదీ దగ్గరికి వెళ్ళాను. దుకాణం అక్కడే ఉంది. దీదీ నన్ను గుర్తుపట్టి, అడ్రసు చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించి, చివరికి చెప్పింది. మునిర్కాలో ఆడపిల్లల హాస్టలు, మూడో అంతస్తు. ఆమె అక్కడ సూపర్‌వైజరు.

రెండు రిజిస్టర్లు గుడ్డసంచిలో వేసుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. ఆమె కాస్త లావెక్కింది. నడుముకు తాళాల గుత్తి ఉంది. ఒక పంజాబీ అమ్మాయితో గీజరు గురించి హిందీలో గట్టిగా వాదిస్తోంది. నన్ను చూసి ఆగింది.

"సార్. కూర్చోండి," అన్నది. మంచినీళ్ళు తెప్పించింది.

సభ సంగతంతా చెప్పాను. అతను ఆమె మాటలను తనవిగా చెప్పుకుంటున్నాడని, చప్పట్లు కొట్టించుకుంటున్నాడని, ఇది దొంగతనం కంటే నీచమని చెప్పాను. రిజిస్టరు తెరిచి ఆమె ముందు పెట్టాను.

"ఇదంతా ఆధారం. ఆ సంస్థవాళ్ళకి లేఖ రాస్తాను. కింద నువ్వొక సంతకం పెడితే చాలు."

ఆమె పేజీలు తిప్పింది. తల దువ్వుకున్న రోజు దగ్గర ఆగలేదు. జనవరి పేజీల దగ్గర ఆగింది.

"మూడు కాలేదు. ఒకటి అయింది," అన్నది.

"అవునమ్మా."

"ఈ మూడు దినాలు మీరేం తిన్నరో రాసుకున్నరా?"

నా దినచర్య పుస్తకం వేరే ఉంది. అందులో ఉంది. పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ, ఒంటిగంటా పది.

"రాసుకున్నాను."

"వాండ్లంత మాట్లాడుకుని నాతోని తినొద్దని అనుకున్నరు గదా. అది మీకు తెలుసా?"

నేను అబద్ధం చెప్పగలిగేవాణ్ణే. "తెలుసు," అన్నాను.

"అది ఉన్నదా ఇందుల?"

"లేదు."

ఆమె రిజిస్టరు మూసి, నావైపు జరిపింది. కోపంగా జరపలేదు. ఖాళీ అయిన పళ్ళెం జరిపినట్టు జరిపింది.

"మరి ఇది దేనికి ఆధారం సార్?"

ఆమె ఎదురుచూసింది, వెనకటిలాగే, నా చెప్పులవైపు చూస్తూ. తొమ్మిదో కుర్చీ ఆ చూపు కింద ఎలా నలిగి ఉంటాడో అప్పుడు తెలిసింది. చివరికి నేనే మాట మార్చాను.

"అతన్ని ఇలాగే చెప్పుకోనిస్తావా?"

"చెప్పుకోనియ్యండి. ఎవరన్న ఒక పిల్ల విని పొద్దున లేచి మొహం కడుక్కుంటే కడుక్కోని. నాకేం వోయింది. మీకు కోపం వచ్చింది వాడు నా మాట చెప్పినందుకు కాదు సార్. మీ పుస్తకంల ఉన్నది ఒకటి, వాడు చెప్పింది ఒకటి. అందుకు," అన్నది.

"నువ్వు ఇంకా లక్ష్యాలు పెట్టుకుంటున్నావా?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. ఏదో ఒక మంచి సమాధానం పట్టుకుని వెళ్ళాలనిపించి ఉంటుంది.

"రోజూ పెట్టుకుంట."

"రాస్తావా?"

"రాయ. డాక్టర్ చెప్పినయన్నీ పనిచేసినయ్ సార్. ఎవరికన్నా కనపడేటట్టు రాయమన్నడు చూడు, అదొక్కటే తప్పు చెప్పిండు. పాపం ఆయనకు మీరెవరో తెల్వదు గదా."

లోపలినుంచి ఎవరో "దీదీ" అని పిలిచారు. ఆమె లేచింది. నేనూ లేచాను. మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉన్నాయి, మలుపు దగ్గర బల్బు లేదు. ఆమె నా సంచి తన భుజాన వేసుకుని, నా మోచెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ చెబుతూ మూడంతస్తులూ దింపింది. ఒకచోట మెట్టు విరిగి ఉంటే ఆగి, నా కాలు ఎక్కడ పెట్టాలో తన కాలు ముందుపెట్టి చూపించింది. కిందికి వచ్చాక సంచి నాకు తగిలించి, పట్టీ సరిచేసింది.

"ఆటో మాట్లాడాల్నా సార్?"

"వద్దమ్మా. మెట్రోలో వెళ్తాను."

"మంచిది. మళ్ళ రాకండి."

సరేనన్నాను. సందు చివర వెనక్కి తిరిగి చూస్తే ఆమె ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది. నేను క్షేమంగా నడుస్తున్నానో లేదో చూస్తోందనుకున్నాను. చెయ్యెత్తాను. ఆమె ఎత్తలేదు. నేను వెళ్ళిపోయినట్టు ఖాయం చేసుకోవడానికి నిలబడింది.